కొండపాకలో మూడో లక్ష్యం: ప్రపంచ ఆరోగ్య గమ్యాలు, పల్లె లెక్కలు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)

ఐక్యరాజ్యసమితి 2015 సెప్టెంబర్ 25న ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17. వాటి కింద ఉపలక్ష్యాలు 169. వాటిని 2030 నాటికి సాధిస్తామని 193 దేశాలు మాట ఇచ్చాయి. ఈ పదిహేడింటిలో మూడోది ఆరోగ్యం. దాని కింద 13 ఉపలక్ష్యాలున్నాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు ప్రపంచ సగటున 70 లోపుకు రావాలి. ఐదేళ్లలోపు పిల్లల మరణాలు ప్రతి దేశంలో వెయ్యికి 25కు, పుట్టిన నెలలోపు మరణాలు 12కు దిగాలి. క్షయ, మలేరియా, బోదకాలు వంటివి ప్రజారోగ్య సమస్యలుగా అంతం కావాలి. గుండెజబ్బు, మధుమేహం వంటి వాటితో అకాలంగా చనిపోయేవారు మూడోవంతు తగ్గాలి. వైద్యం కోసం ఏ కుటుంబమూ అప్పుల పాలు కాకూడదు. ఈ మాటలను న్యూయార్కులో రాశారు. అవి నెరవేరాయో లేదో తెలియాలంటే సిద్దిపేట జిల్లా కొండపాక లాంటి మండలంలో ఏఎన్ఎం రాసే రిజిస్టరు తెరవాలి.

కొండపాక పాత మెదక్ జిల్లాలోది. 2016 అక్టోబర్‌లో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. జిల్లా కలెక్టరేటు దుద్దెడ దగ్గర ఉంది. సిద్దిపేటలో 2018లో సర్కారు వైద్య కళాశాల మొదలైంది. చెరువులు, బోర్ల మీద బతికిన మెట్ట ప్రాంతమిది. ఇక్కడి ఆరోగ్య చరిత్ర నీళ్లతోనే మొదలవుతుంది.

ఆరోగ్యానికి ప్రపంచమంతా కలిసి గడువు పెట్టుకోవడం కొత్త సంగతి కాదు. 1948 ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. రోగం లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమమంతా ఆరోగ్యమేననీ అది మొదటి పుటలోనే ప్రకటించింది. 1978 సెప్టెంబర్‌లో ఆల్మా-అటాలో సమావేశమైన దేశాలు 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అన్నాయి. ప్రాథమిక వైద్యమే అందుకు దారి అన్నాయి. 2000లో సహస్రాబ్ది ప్రకటనతో ఎనిమిది లక్ష్యాలు, 2015 గడువు వచ్చాయి. పిల్లల మరణాలు మూడింట రెండు వంతులు, తల్లుల మరణాలు నాలుగింట మూడు వంతులు తగ్గించాలనుకున్నారు. 1990తో పోలిస్తే పిల్లల మరణాలు సగానికి పైగా, తల్లుల మరణాలు సగానికి దగ్గరగా తగ్గాయి. గడువు దాటింది, లక్ష్యం పూర్తిగా అందలేదు. అయినా ఆ పదిహేనేళ్లలో ప్రపంచం కాపాడుకున్న ప్రాణాలు కోట్లలో ఉన్నాయి.

ఈ చరిత్రలో స్పష్టంగా కనిపించే తేడా ఒకటుంది. మనిషిని ఒక చోటికి రప్పించి, ఒక రోజులో, ఒక సూదితోనో ఒక కాన్పుతోనో ముగించగల పనులు వేగంగా సాగాయి. ఇంటి లోపల, పళ్లెంలో, పొలంలో, ఏళ్ల తరబడి సాగాల్సిన పనులు వెనకబడ్డాయి. చావును ఆపడం ఒక పని. ఆరోగ్యం కలిగించడం మరొక పని. తెలంగాణ మొదటిదాన్ని బాగా చేసింది. రెండోది ఇంకా చేయాల్సే ఉంది. కొండపాక చుట్టూ ఉన్న పల్లెల నుంచి చూస్తే ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

మొదట నీళ్లు. తెలంగాణలో దిగుడు బావుల్లోకి దిగి నీళ్లు ముంచుకునే రోజుల్లో నారికురుపు ఉండేది. బావి నీటిలోని కంటికి ఆనని నీటిపురుగులతోపాటు ఆ రోగపు పిల్లపురుగులు కడుపులోకి పోయేవి. ఏడాది తిరిగేసరికి కాలి చర్మాన్ని చీల్చుకుని మూరెడు పొడవున దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. సరిగ్గా నాట్ల వేళకు, కోతల వేళకు రైతును మంచాన పడేసేది. దానికి మందు లేదు, టీకా లేదు. 1981 నుంచి 1990 వరకు ఐక్యరాజ్యసమితి జరిపిన తాగునీటి దశాబ్దంలో నారికురుపు నిర్మూలనను ఒక గుర్తుగా పెట్టుకున్నారు. భారతదేశంలో ఏడు రాష్ట్రాల్లో ఈ రోగం ఉండేది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో దేశమంతా లెక్కిస్తే దాదాపు 40 వేల కేసులు తేలాయి. దిగుడు బావుల మెట్లు మూసి గిలక బావులుగా మార్చారు. బోరింగులు వేశారు. నీళ్లు బట్టతో వడకట్టుకుని తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పారు. రోగి కాలు నీటిలో పెట్టకుండా చూశారు. 1996 తర్వాత దేశంలో కొత్త కేసు లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఈ తరం పల్లెల్లో ఆ రోగం పేరు కూడా తెలియని యువకులే ఎక్కువ. ప్రజారోగ్యం గెలిచిన చోట ఇలాగే జరుగుతుంది. గెలుపు ఎవరికీ గుర్తుండదు. ఆ బావుల వెంట తిరిగిన పారిశుధ్య సిబ్బందికి ఈ నేల రుణపడి ఉంది.

బోర్లు నారికురుపును తరిమాయి కానీ, లోతు పెరిగినకొద్దీ కొన్ని ప్రాంతాల్లో ఫ్లోరైడును పైకి తెచ్చాయి. తెలుగు నేలలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో గుర్తించారు. తర్వాత నల్లగొండ దానికి పర్యాయపదమైంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ప్రపంచ పాఠ్యపుస్తకాల్లో ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుంది. ఒక జిల్లా పేరు తన కష్టం వల్ల ఇలా ప్రపంచానికి తెలియడం బాధాకరమే. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. కాబట్టి ఇక్కడ నివారణ ఒక్కటే వైద్యం, అది నదీజలమే. ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ కొండపాకకు పొరుగునే ఉన్న గజ్వేల్ మండలం కోమటిబండలో ప్రారంభించారు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్నది దాని లెక్క. శుద్ధమైన నీటిని అందరికీ చేర్చాలన్న ఆరో ప్రపంచ లక్ష్యానికి ఇది ఈ ప్రాంతపు రూపం. పైపు వేయడం ఒకసారి అయ్యే పని. ఆ పైపులో నీరు ఆగకుండా, ట్యాంకు కడిగి, క్లోరిన్ పరీక్ష చేసి పంపడం రోజూ అయ్యే పని. నల్లా నీరు పక్కన పెట్టి ప్లాంటు నీళ్ల క్యానులు కొనే ఇళ్లు చాలా పల్లెల్లో ఉన్నాయంటే, ఆ రెండో పని మీద నమ్మకం ఇంకా కుదరలేదన్నమాట.

తల్లుల మరణాల విషయంలో తెలంగాణ చేసింది ప్రపంచానికి చూపదగ్గ పని. 2004–06 నమూనా నమోదు లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2014–16 నాటికి తెలంగాణలో అది 81. 2018–20 నాటికి 43. అదే కాలానికి దేశ సగటు 97, కేరళలో 19. 2023లో ప్రపంచ సగటు 197, ఆ ఒక్క ఏడాది చనిపోయిన తల్లులు సుమారు 2,60,000. అంటే 2030కి పెట్టుకున్న 70 అనే గీతను తెలంగాణ పదేళ్ల ముందే దాటింది. ఇందుకు పునాది ఏ ఒక్క ప్రభుత్వానిదీ కాదు. 2005లో హైదరాబాదులో 108 అంబులెన్సు వచ్చింది. అదే ఏడాది మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరూరా ఆశ కార్యకర్తను నిలబెట్టింది. జననీ సురక్ష యోజన కాన్పును దవాఖానకు తెచ్చింది. 2017లో కేసీఆర్ కిట్ పథకం సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లికి విడతలుగా 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇచ్చింది. అమ్మ ఒడి వాహనాలు తల్లిని ఇంటి నుంచి తీసుకుపోయి మళ్లీ ఇంట్లో దింపాయి. 2019లో జరిపిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే అవుతున్నాయి.

అదే సర్వేలో మరో అంకె ఉంది. నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లు. దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటు దవాఖానల్లో 81.5 శాతం, సర్కారు దవాఖానల్లో 44.5 శాతం. జనాభా మొత్తంలో ఈ శాతం పది దాటాక మరణాలు మరింత తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన ఆపరేషన్ తల్లిని, బిడ్డను బతికిస్తుంది. అవసరం లేనిది తల్లికి రక్తనష్టం కలిగిస్తుంది, తర్వాతి కాన్పులో ప్రమాదం పెంచుతుంది, కూలికి పోయే మనిషిని నెలల తరబడి కుంగదీస్తుంది, కుటుంబానికి అప్పు మిగులుస్తుంది. ముహూర్తం చూసి కోత పెట్టించుకోవడం ఇందులో ఒక భాగం. రాత్రంతా పక్కన కూర్చుని నొప్పులు తీసే తల్లికి ధైర్యం చెప్పే మనిషి లేకపోవడం అంతకంటే పెద్ద భాగం. అందుకే 2017 నుంచి యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి సర్కారు దవాఖానల్లో నియమించడం తెలంగాణ మొదలుపెట్టింది. మంత్రసాని తరం ముగిసిన చోట శాస్త్రం నేర్చిన మంత్రసానిని నిలబెట్టే ఈ ప్రయత్నం చాలా విలువైనది. దీన్ని ప్రతి కాన్పు గదికీ చేర్చకుండా కోతలు తగ్గవు.

తల్లి బతికింది, బిడ్డ పుట్టింది. ఆ తర్వాత ఏమవుతోందన్న ప్రశ్న దగ్గరే సుబ్బారావు పేరు వస్తుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలి ఏళ్లలో అమెరికా చేరి, హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి శరీరం శక్తిని ఎలా నిల్వ చేసుకుంటుందో చెప్పే మౌలిక పరిశోధన చేశాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లాడు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను యువకులుగా ఉండగానే బలి తీసుకుంది. పేగు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి పాలిపోయి శుష్కించే వ్యాధి అది. దాన్ని, గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతను కూడా నయం చేసే పదార్థం ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపిన బృందమే. గర్భిణుల రక్తహీనతలో ఇలాంటి పదార్థమేదో లోపిస్తోందని అంతకుముందే వైద్యురాలు లూసీ విల్స్ గుర్తించింది బొంబాయి మిల్లు కూలీ స్త్రీలను చూసే. ఈ రోజు కొండపాక మండలంలో ఏ సబ్ సెంటరుకు వెళ్లినా గర్భిణి చేతిలో పెట్టే గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. భీమవరం నుంచి వెళ్లిన వైద్యుడి శ్రమ తెలుగు పల్లెకు అలా తిరిగి వచ్చింది.

గోలీ వచ్చింది. రక్తం మాత్రం పెరగలేదు. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత నాలుగో సర్వేలో 56.6 శాతం, ఐదో సర్వేలో 57.6 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 60.7 నుంచి 70 శాతానికి పెరిగింది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే పరీక్ష ఎక్కువ చూపుతుందన్న వాదన ఉంది. అందులో నిజముంది. రక్తనాళం నుంచి తీసిన రక్తంతో 2016–18లో జరిపిన జాతీయ పోషకాహార సర్వేలో బడి వయసుకు రాని పిల్లల్లో రక్తహీనత 41 శాతం దగ్గర తేలింది. వేలికొన పరీక్ష మీద ఆధారపడిన నాలుగో కుటుంబ సర్వేలో దేశంలోని పిల్లల లెక్క 58 శాతం దాటింది. ఎంత తగ్గించి చూసినా మిగిలేది పెద్ద సమస్యే. స్త్రీలలో రక్తహీనతను 2025 నాటికి సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సభ 2012లో తీర్మానించింది. ప్రపంచం ఆ గమ్యానికి దరిదాపులకు కూడా రాలేదు.

కారణాలు ఒకటికి నాలుగున్నాయి. ఒకప్పుడు ఈ మెట్ట పొలాల్లో జొన్న, సజ్జ, పెసర, కంది కలిసి పండేవి, జొన్న గటక తినేవారు. ఇప్పుడు పళ్లెం నిండా పాలిష్ పట్టిన తెల్లన్నం, పక్కన పలచని పప్పు. మొక్కల నుంచి వచ్చే ఇనుము శరీరానికి కొద్దిగానే పడుతుంది. తిన్న వెంటనే తాగే చాయ్ ఆ కొద్దిదాన్నీ అడ్డుకుంటుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలి వంతు ఎప్పుడూ తక్కువే. తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఎదిగే వయసు పూర్తికాని ఒంట్లో మరో ప్రాణం పెరిగితే ఇద్దరికీ రక్తం చాలదు. ఇక గోలీ. అది వికారం తెస్తుంది, మలబద్ధకం తెస్తుంది, మలం నల్లగా అవుతుంది. ఎందుకలా అవుతుందో ఎవరైనా కూర్చుని చెబితే తల్లి ఓర్చుకుంటుంది. ఎవరూ చెప్పకపోతే గోలీల పొట్లం అటక ఎక్కుతుంది, రిజిస్టరులో మాత్రం ‘180 ఇచ్చాం’ అని ఉంటుంది. ఇచ్చిన గోలీ వేరు, మింగిన గోలీ వేరు. లక్ష్యాలన్నీ మొదటిదాన్ని లెక్కిస్తాయి.

ఈ చోట తెలంగాణ వేసిన సరైన అడుగు ఆరోగ్యలక్ష్మి. 2015 జనవరి 1 నుంచి గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలో కూర్చుని తినేలా అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట నిండు భోజనం పెట్టారు. ఇంటికి ఇచ్చి పంపితే పదిమందికి పంచే తల్లి ఇక్కడ తానే తింటుంది. ఆ భోజనం తర్వాత అంగన్‌వాడీ టీచరు కళ్లముందే గోలీ మింగిస్తే ఒకే గదిలో రెండు పనులు అవుతాయి. అయితే కూలికి పోయే తల్లి మధ్యాహ్నం అంగన్‌వాడీకి రాలేదు. గోలీ ఆరోగ్యశాఖది, గుడ్డు మహిళా శిశు సంక్షేమ శాఖది. ఈ రెండు చిక్కులే పథకానికి పెద్ద అడ్డంకి. విప్పలేని చిక్కులు మాత్రం కావు.

కొండపాకలోనే శ్రీ సత్యసాయి సంజీవని పిల్లల గుండె వైద్య కేంద్రం ఉంది. అక్కడ పుట్టుకతో గుండెలో లోపమున్న పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. వెయ్యి మంది శిశువుల్లో దాదాపు ఎనిమిది మందికి ఇలాంటి లోపం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు తిరిగి అలాంటి పిల్లల్ని గుర్తించాలి. పెద్ద నగరాల్లోనే దొరికే వైద్యం ఒక పల్లెకు రావడం, అదీ రూపాయి అడగకుండా, ఎంతైనా మెచ్చుకోదగ్గది. అయితే గుండెలో రంధ్రమున్న బిడ్డకు దవాఖాన ఉంది. రక్తం తక్కువైన బిడ్డకు అలాంటి తావు లేదు. ఎందుకంటే ఆ బిడ్డ ఏడవదు, నీలి రంగు తిరగదు, బడికి పోతుంది, వెనక బెంచీలో నిద్రపోతుంది. ఆ బిడ్డ కోసం ఎవరూ విరాళం వసూలు చేయరు.

సుబ్బారావు బృందం 1947లో ఇచ్చిన మరో మందు డైఇథైల్ కార్బమజైన్. బోదకాలు పురుగు పిల్లలను రక్తంలోంచి తొలగించేది ఇదే. 2000లో మొదలైన బోదకాలు నిర్మూలన ప్రపంచ కార్యక్రమం చాలా దేశాల్లో ఏటా ఊరంతటికీ ఈ గోలీలు మింగించడం మీద నిలిచింది. భారతదేశం 2027కి గడువు పెట్టుకుంది. వ్యాప్తి ఆగినా ఇప్పటికే వాచిన కాలు మామూలు కాదు. రోజూ కడిగి తుడిచి పుండు పడకుండా కాపాడుకోవాలి. తెలంగాణ ఈ రోగులకు 2018 నుంచి పింఛను ఇస్తోంది. రోగాన్ని అంతం చేయడమే కాక రోగితో కలిసి నడవడం కూడా ప్రజారోగ్యమేనని ఒప్పుకున్న నిర్ణయం అది.

బీపీ, షుగర్ ఇప్పుడు పల్లె రోగాలు. తెలంగాణలో మగవారిలో దాదాపు మూడోవంతుకు, ఆడవారిలో నాలుగోవంతుకు రక్తపోటు ఎక్కువ. గోలీ చౌక, పరీక్ష సులువు, కానీ జీవితాంతం వేసుకోవాలి. నెలనెలా పల్లె దవాఖానలో గోలీలు నిండుకోకుండా ఉంటే పక్షవాతాలు తగ్గుతాయి. ఇంతకు మించిన రహస్యం లేదు. రోడ్డు ప్రమాద మరణాలు 2020కే సగం కావాలన్నది ప్రపంచ లక్ష్యం. అది తప్పింది, రాజీవ్ రహదారి వెంట ఉన్న ఊళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

రైతుల ఆత్మహత్యల గురించి మాట్లాడకుండా ఈ ప్రాంతపు క్షేమం గురించి మాట్లాడలేం. మూడో లక్ష్యం ఆత్మహత్యల రేటును కూడా సూచికగా పెట్టుకుంది. అప్పు, బోరు, పంట ధర ఇందులో ముందు వరుస కారణాలు. వాటికి జవాబు వ్యవసాయ విధానంలో ఉంది. ఆరోగ్యశాఖ చేయగలిగింది కూడా ఒకటుంది. శ్రీలంక 1990ల నుంచి ప్రాణాంతకమైన పురుగుల మందులను ఒక్కొక్కటిగా నిషేధించింది, అక్కడి ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా తగ్గింది, పంట దిగుబడి పడిపోలేదు. మనిషి మనసు కుంగిన ఆ ఒక్క గంటలో అతి విషపూరితమైన మందు ఇంట్లో లేకపోతే చాలామంది బతుకుతారు. తెలుగు రాష్ట్రాలు ఈ దారి పట్టడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

అభివృద్ధి కూడా ఒక్కోసారి మనిషిని లెక్కలోంచి జార్చేస్తుంది. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దాని కింద మునిగిన ఊళ్లలో కొండపాక మండలానికి చెందిన ఎర్రవల్లి, సింగారం ఉన్నాయి. ఆ నీరు ఎన్నో పొలాలకు, నల్లాలకు జీవం. ఊరు కదిలితే ఇల్లొక్కటే కదలదు. గర్భిణి కార్డు, బిడ్డ టీకాల లెక్క, బీపీ రోగి గోలీల సంచి, పేరు పెట్టి పిలిచే ఆశ కార్యకర్త, అన్నీ చెదిరిపోతాయి. ‘ఎవరినీ వెనక వదలం’ అన్న ప్రపంచ ప్రతిజ్ఞను నిర్వాసిత కాలనీల్లోనే ముందుగా పరీక్షించాలి.

ఇక డబ్బు సంగతి. దేశం వైద్యానికి పెట్టే మొత్తం ఖర్చులో జనం జేబు నుంచి పోయేది 2013–14లో 64.2 శాతం, 2021–22లో 39.4 శాతం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల అప్పు నుంచి ఎందరినో తప్పించింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలైంది. ఆరోగ్యశ్రీ మంచం మీద పడుకున్నవారికి వర్తిస్తుంది. జ్వరానికి, షుగర్ గోలీలకు, రక్త పరీక్షలకు నెలనెలా అయ్యే ఖర్చుకు వర్తించదు. ఆ ఖర్చును తగ్గించగలిగేది ఆల్మా-అటా చెప్పిన ప్రాథమిక వైద్యమే, అంటే ఊళ్లోని సబ్ సెంటరే.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపమంటోంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ సుస్థిర లక్ష్యాలను తొమ్మిది అంశాలుగా పల్లెకు దించింది, అందులో ఆరోగ్యకర గ్రామం ఒకటి. సిమెంటు రోడ్డు, డ్రైనేజీ గురించి గ్రామసభలో గంటలకొద్దీ మాటలు నడుస్తాయి. అదే సభలో ఐదు అంకెలు కూడా చదవాలి. ఊళ్లో ఎందరు గర్భిణులకు రక్తం 11 గ్రాముల లోపుంది? ఎందరు పిల్లలు బరువు తక్కువున్నారు? బీపీ గోలీలు వేసుకోవాల్సినవారిలో నిజంగా వేసుకుంటున్నది ఎందరు? పద్దెనిమిదిలోపు ఎన్ని పెళ్లిళ్లయ్యాయి? నల్లా నీటి పరీక్ష ఎప్పుడు జరిగింది? పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఆశ, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు ఈ అంకెలను ఇప్పటికే రాస్తున్నారు, వాటిని పైఅధికారులకు పంపుతున్నారు. కొండపాక మండలంలోని ప్రతి పంచాయతీ రాబోయే గ్రామసభ నుంచే వాటిని ముందుగా ఊరికి వినిపించాలి.